తెలిసిన పట్టుతోనే గెలిచినవాళ్లు

అలెగ్జాండర్ కరేలిన్‌తో తలపడిన ప్రతి మల్లయోధుడికీ అతను ఏం చేయబోతున్నాడో ముందే తెలుసు. ప్రత్యర్థి మ్యాట్ మీద బోర్లా ఉన్నప్పుడు కరేలిన్ అతని కాళ్ల వైపు తల తిప్పి మీదికి వంగుతాడు. నడుం చుట్టూ రెండు చేతులూ బిగిస్తాడు. అమాంతం పైకి లేపి, వెనక్కి వాలుతూ విసిరేస్తాడు. రివర్స్ లిఫ్ట్ అనే ఈ పట్టు కుస్తీలో ముందునుంచీ ఉన్నదే, కాకపోతే తక్కువ బరువు విభాగాల వాళ్లు వేసేవారు. కరేలిన్ పోటీపడింది 130 కిలోల విభాగంలో. పాతిక కిలోల బియ్యం బస్తాలు అయిదు కలిపి కట్టినా అంత బరువు రాదు. పైగా బస్తా ఎదురు తిరగదు. ఇక్కడ ఆ బరువంతా లేవకూడదన్న పంతంతో మ్యాట్‌ను కరుచుకుని ఉంటుంది. అయినా లేచేది. అలా గాల్లోకి లేచి పడటం కన్నా తమంతట తామే వెల్లకిలా తిరిగి ఓటమి ఒప్పుకోవడం మేలనుకున్నవాళ్లూ ఉన్నారని ఆనాటి కుస్తీ లోకంలో చెప్పుకునేవారు.

ఒకే యుద్ధకళలో అందరికన్నా మేటి ఎవరన్న చర్చ వచ్చినప్పుడల్లా పతకాలు లెక్కపెట్టి తేల్చేస్తుంటాం. పతకాలు అవసరమే, కానీ అసలు విషయం అక్కడ లేదు. జూడో, కుస్తీ లాంటి ఆటల్లో నియమాలు ఇద్దరికీ ఒక్కటే, బరువు ఒక్కటే, నేర్చుకునే పట్లూ ఒక్కటే. రకరకాల యుద్ధకళలు కలిపి ఆడే పోటీలో పిడిగుద్దు వస్తుందో, కాలి దెబ్బ వస్తుందో, కిందికి లాగుతారో తెలియదు. ఆ తెలియకపోవడమే సగం ఆయుధం. ఒకే కళలో ఆ ఆయుధం లేదు. శిష్యుడికి నేర్పకుండా వస్తాదు ఒక్క పట్టు దాచుకున్న కథ మనం విన్నదే. ఇప్పుడు అలా దాచుకోవడానికీ వీల్లేదు. ప్రతి బౌటూ వీడియోలో ఉంటుంది. ఛాంపియన్ కుడి చేయి ఎక్కడ వేస్తాడో, అలిసిపోతే ఏ కాలు వెనక్కి పడుతుందో ప్రత్యర్థి కోచ్ నాలుగేళ్లు కూర్చుని చదువుతాడు. అంత చదువు జరిగిన తర్వాత కూడా అదే పట్టు, అదే మనిషి, అదే ఫలితం వస్తున్నాయంటే దాన్ని గొప్పతనం అనాలి. ఆ పట్టుకు ఎవరో ఒకరు విరుగుడు కనిపెట్టిన రోజున ఆ మనిషి ఏం చేశాడన్నది రెండో పరీక్ష. ఈ రెండింటితోనే నేను వీళ్లను తూచి చూస్తాను.

కరేలిన్ ఆడినది గ్రీకో-రోమన్ కుస్తీ. ఇందులో నడుం కింది భాగాన్ని పట్టుకోకూడదు, కాళ్లతో మెలిక వేయకూడదు. ఫ్రీస్టైల్‌లో రెండూ చేయొచ్చు. కాబట్టి గ్రీకో-రోమన్‌లో పట్ల సంఖ్యే తక్కువ, ఎదుటివాణ్ణి ఏమరుపాటులో పడేసే అవకాశం ఇంకా తక్కువ. సైబీరియాలోని నొవొసిబిర్స్క్‌లో 1967లో పుట్టిన కరేలిన్, విక్టర్ కుజ్నెత్సోవ్ అనే ఒక్క కోచ్ దగ్గరే ఎదిగాడు. 1987 సోవియట్ ఛాంపియన్‌షిప్‌లో ఇగోర్ రొస్తొరొత్‌స్కీ చేతిలో 1-0తో ఓడాడు. మరుసటి ఏడాది అతణ్ణే ఓడించి సోల్ ఒలింపిక్స్ జట్టులో చోటు సంపాదించాడు. ఆ రోజుల్లో సోవియట్ జట్టులోకి రావడమే ప్రపంచ ఛాంపియన్ కావడమంత కష్టం. సోల్ ఫైనల్లో బల్గేరియాకు చెందిన రాంగెల్ గెరోవ్‌స్కీ 3-0తో ముందున్నాడు. సమయం దాదాపు అయిపోయింది. అప్పుడు పడింది ఆ పట్టు. ఒక్క విసురుకు అయిదు పాయింట్లు వచ్చి బౌట్ 5-3తో ముగిసింది.

మొత్తం మీద తొమ్మిది ప్రపంచ టైటిళ్లు, పన్నెండు యూరోపియన్ టైటిళ్లు, 1992లోనూ 1996లోనూ మరో రెండు ఒలింపిక్ స్వర్ణాలు వచ్చాయి. మూడు స్వర్ణాలూ మూడు వేర్వేరు జెండాల కింద గెలిచాడు: సోవియట్ యూనియన్, అది విడిపోయాక ఏర్పడిన ఉమ్మడి జట్టు, ఆపైన రష్యా. దేశం పేరే మారిపోయినా అతని పట్టు మారలేదు. 1996లో యూరోపియన్ పోటీల్లో ఛాతీ కండరం తెగింది. శస్త్రచికిత్స చేయించుకుని కొద్ది నెలలకే అట్లాంటా వెళ్లాడు. అక్కడి ఫైనల్లో అమెరికన్ మ్యాట్ గఫారీని 1-0తో మాత్రమే ఓడించగలిగాడు. విసిరే శక్తి తగ్గిన రోజున ఒక్క పాయింటుతో గట్టెక్కడం కూడా వచ్చిన మనిషి అని ఆ స్కోరు చెబుతుంది. 5-3 కన్నా ఆ 1-0 నాకు ఎక్కువ విలువైనదిగా అనిపిస్తుంది.

2000 సెప్టెంబర్ 27న సిడ్నీలో అదే 1-0 అతనికి ఎదురు తిరిగింది. ప్రత్యర్థి రూలన్ గార్డ్‌నర్, వయోమింగ్ రాష్ట్రంలో పాడి పశువుల మధ్య పెరిగిన అమెరికన్. 1997లో కరేలిన్ ఇతణ్ణి గాల్లోకి లేపి విసిరి 5-0తో ఓడించాడు. లేస్తే ఎలా ఉంటుందో గార్డ్‌నర్ ఒళ్లు ఎరిగినదే. అందుకే ఈసారి అతని ఆలోచనంతా లేవకుండా ఉండటం మీదే నడిచింది. మొదటి విరామం దాకా ఇద్దరికీ సున్నా. అప్పటి నియమం ప్రకారం, మొదటి భాగంలో ఎవరికీ పాయింటు రాకపోతే రెండో భాగం ఇద్దరూ ఒకరి నడుం ఒకరు బిగించి పట్టుకున్న స్థితిలో మొదలవుతుంది. ముందుగా ఎవరి చేతులు విడిపోతే ఎదుటివాడికి ఒక పాయింటు. కరేలిన్ వేళ్లు విడిపోయాయి. వీడియో చూసి పాయింటు ఇచ్చారు. గెలవడానికి మూడు పాయింట్లు కావాలి కాబట్టి అదనపు సమయం ఆడించారు. అందులోనూ కరేలిన్‌కు ఆ పట్టు దొరకలేదు. స్వర్ణపతకం తన చేత్తో ఇవ్వడానికి వచ్చిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు హువాన్ ఆంటోనియో సమరాంచ్ దాన్ని గార్డ్‌నర్ మెడలో వేయాల్సి వచ్చింది.

ఆ ఓటమి నియమం వల్ల వచ్చిందే తప్ప కుస్తీ వల్ల కాదని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఒకే కళ అంటేనే ఒకే నియమావళి. ఆ నియమావళి నీడలోనే కరేలిన్ 13 ఏళ్లు అందరినీ లేపి విసిరాడు. విసురుకు ఎక్కువ పాయింట్లు ఇచ్చినదీ నియమమే, విడిపోయిన వేళ్లకు ఒక పాయింటు కోసినదీ నియమమే. అతని ఖాతాలో 887 గెలుపులు, 2 ఓటములని చెబుతారు. ఆ రెండు ఓటములూ 1-0 తేడాతోనే. అతణ్ణి మ్యాట్ మీద ఎత్తి కుదేసినవాడు ఎవడూ లేడు. గార్డ్‌నర్ చేసింది అతని పట్టును జరగకుండా ఆపడం మాత్రమే. అలా ఆపడానికి తన దాడినంతా వదులుకోవాల్సి వచ్చింది. గొప్ప ఛాంపియన్లు ఓడిన తీరు చూస్తే ఇదే పదేపదే కనిపిస్తుంది.

వరుస విజయాల లెక్కల దగ్గరికి వస్తే మరింత ఓపిక కావాలి. 203, 189, 154, 119 అని అంకెలు వినిపిస్తుంటాయి. ఒక్కో అంకె ఒక్కో కొలతతో కొలిచినది. యసుహిరో యమషిత జూడోలో 1977 అక్టోబర్ నుంచి 1985 ఏప్రిల్ దాకా 203 బౌట్లు ఓడకుండా గెలిచాడు. ఆ మధ్యలో ఏడు డ్రాలు ఉన్నాయి. ఆ డ్రాలలో ఒకటి 1980లో జపాన్ పోటీల్లో సుమియో ఎండోతో జరిగింది. ఎండో కత్తెర వేసినట్టు రెండు కాళ్లూ దూర్చి పడేసే కనిబసామి ప్రయోగించాడు, యమషిత కాలి ఎముక విరిగింది. బౌట్ అక్కడే ఆగిపోయి డ్రాగా నమోదైంది. ఆ పట్టును తర్వాత జూడో నిషేధించింది. ఫ్రాన్స్ వీరుడు టెడ్డీ రినేర్ 2010 సెప్టెంబర్ నుంచి 2020 ఫిబ్రవరి దాకా 154 వరుసగా గెలిచాడు. అతని కాలానికి జూడోలో డ్రా అన్నదే లేదు. సమం అయినా చివరికి ఎవరో ఒకరిని విజేతగా తేలుస్తారు. కాబట్టి రినేర్ గెలుపు ప్రతిదీ పూర్తి గెలుపే. అయితే యమషిత ఏడున్నరేళ్లలో 203 గెలిస్తే, రినేర్ తొమ్మిదేళ్లు దాటిన కాలంలో 154 గెలిచాడు. 2017 చివరి నుంచి 2019 జులై దాకా అసలు బరిలోకే దిగలేదు. ఏ టోర్నీలో ఆడాలో ఎంచుకుని, శరీరాన్ని కాపాడుకుంటూ వచ్చాడు. తప్పేమీ కాదు. కానీ 203నూ 154నూ పక్కపక్కన పెట్టి ఒకటి రెండోదానికన్నా పెద్దదనడం కొలత తెలియకుండా కొలవడమే.

జపాన్ మహిళా మల్లయోధురాలు సవోరి యోషిదకు ఏకంగా రెండు వరుసలు ఉన్నాయి. జట్టు పోటీలు కలిపి లెక్కేస్తే 119 దగ్గర, 2008 జనవరిలో ఆగింది. వ్యక్తిగత పోటీలు మాత్రమే లెక్కేస్తే 206 దగ్గర, 2016లో ఆగింది. ఆమె సహచరి కవోరి ఇచో 2003 నుంచి 2016 దాకా 189 గెలిచింది. ఆ లెక్కలో 2007లో గాయం వల్ల బరి దిగకుండా వదిలేసిన బౌట్‌ను కలపరు. వీటిలో ఏదీ అబద్ధం కాదు, ఏదీ మొత్తం నిజమూ కాదు.

యమషిత విషయంలో అంకెల కన్నా ఒక్క రోజు ఎక్కువ చెబుతుంది. అది 1984 ఆగస్టు 11, లాస్ ఏంజెలెస్. 1980లో మాస్కో ఒలింపిక్స్‌ను జపాన్ బహిష్కరించడంతో అతని మొదటి అవకాశం పోయింది. అప్పటికి వయసు 23, ఊపు మీద ఉన్నాడు. నాలుగేళ్లు ఆగి, బరువుతో సంబంధం లేని ఓపెన్ విభాగంలో దిగాడు. రెండో రౌండ్లో పశ్చిమ జర్మనీకి చెందిన ఆర్థర్ ష్నాబెల్‌ను గెలిచేటప్పుడు కుడి పిక్క కండరం తెగింది. ఇక్కడ అతని జూడో ఎలాంటిదో కొంచెం చెప్పాలి. యమషితకు అచ్చొచ్చిన పట్టు ఒసోతో-గారి. ఎదుటివాడి కాలిని వెలుపలి వైపు నుంచి తన కాలితో కోసినట్టు లాగి వెనక్కి పడేయడం. అతనిది ఎడమ వాటం. ఎడమ కాలితో కోయాలంటే బరువంతా కుడి కాలి మీద నిలపాలి. ఇప్పుడు తెగినది ఆ కుడి పిక్కే. లోకమంతా ఎరిగిన ఆయుధం ఒక్క క్షణంలో చేతిలోంచి జారిపోయింది. కుంటుతూ మ్యాట్ మీదికి వచ్చాడు, దాచడానికి వీలు కాలేదు. సెమీఫైనల్లో ఫ్రాన్స్‌కు చెందిన లారెంట్ డెల్ కొలంబో చేతిలో మొదట వెనుకబడ్డాడు, అయినా గెలిచాడు. ఫైనల్లో ఈజిప్టుకు చెందిన మొహమ్మద్ రష్వాన్ దాడికి వచ్చి తడబడగానే యమషిత అతని మీద అడ్డంగా పడి అదిమి పట్టాడు. పక్క నుంచి అదిమే ఆ పట్టును యోకో-షిహో-గతమే అంటారు. అప్పట్లో 30 సెకన్లు అదిమి ఉంచితే పూర్తి విజయం. బౌట్ నిమిషం దాటిన కాసేపటికే ముగిసింది. బహుమతి వేదిక ఎక్కడానికి యమషితకు రష్వానే చేయి అందించాడు. ఆ రోజు నడవడికకు రష్వాన్‌కు అంతర్జాతీయ ఫెయిర్ ప్లే పురస్కారం దక్కింది.

పడేసే పట్టు పోయినప్పుడు అదిమే పట్టుతో గెలవడం అదృష్టం కాదు. యమషిత కుర్రతనం నుంచే నిలబడి పడేయడానికీ నేల మీద అదమడానికీ మధ్య ఖాళీ లేకుండా సాధన చేశాడు. చాలామంది జూడో వీరులు పడేసి ఆగిపోతారు, అతను పడేస్తూనే మీదికి వచ్చేవాడు. నేను పెట్టుకున్న రెండో పరీక్షలో అతను నెగ్గింది అలాగే.

రినేర్ పద్ధతి వేరు. ఆరున్నర అడుగులు దాటిన ఎత్తు, పొడవైన చేతులు. ఎదుటివాడి కాలరు వెనక భాగం దాకా కుడి చేయి వేసి వంచేస్తాడు. వంగిపోయినవాడు దాడి చేయలేడు. దాడి చేయకపోతే రెఫరీ శిక్ష వేస్తాడు, శిక్షలు కూడితే ఓటమి. 2016 రియో ఫైనల్లో జపాన్‌కు చెందిన హిసయోషి హరసావాను రినేర్ ఇలాగే శిక్షల తేడాతో గెలిచాడు. ప్రేక్షకులు అసహనంగా అరిచారు. వాళ్ల అసహనం నాకు అర్థమవుతుంది. విసురు లేని జూడో ఫైనల్ చూడటానికి రాత్రంతా మేలుకున్నవాళ్లకు ఏమీ మిగలదు. అయినా ఆ చేయి ఎక్కడ పడబోతోందో హరసావాకు ముందే తెలుసునన్నది మరిచిపోకూడదు. తెలిసీ ఆపలేకపోయాడు. 2020లో పారిస్‌లో కొకొరో కగెఉరా అతని వరుసను తెంపాడు. టోక్యో ఒలింపిక్స్‌లో తమెర్లాన్ బషాయెవ్ చేతిలో ఓడి వ్యక్తిగత విభాగంలో కాంస్యంతో సరిపెట్టుకున్నాడు. ఇక అయిపోయాడనుకున్నారు. మూడేళ్ల తర్వాత, 35 ఏళ్ల వయసులో, పారిస్‌లో 2024 ఆగస్టు 2న మళ్లీ స్వర్ణం గెలిచాడు. ఆ ఫైనల్లో గెలిచింది విసురుతో.

మర్నాడు మిశ్రమ జట్ల ఫైనల్లో ఫ్రాన్స్, జపాన్ 3-3తో నిలిచాయి. ఏ బరువు వాళ్లు ఆఖరి బౌట్ ఆడాలో చీటీ తీసినట్టు కంప్యూటర్ ఎంచింది, 90 కిలోలకు పైబడిన విభాగం వచ్చింది. రినేర్ ఎదురుగా తత్సురు సైతో. ఇతని తండ్రి హితోషి సైతో 1984, 1988 ఒలింపిక్ స్వర్ణాల వీరుడు. అంతటివాడు కూడా అఖిల జపాన్ ఫైనల్లో 1983 నుంచి వరుసగా మూడేళ్లు యమషిత చేతిలో ఓడాడు. 1985 నాటి మూడో ఫైనల్ రెఫరీల నిర్ణయం దాకా వెళ్లింది. ఆ ఏడాదే యమషిత రిటైరయ్యాడు. ఎవరితోనూ ఓడని మనిషి ఎదురుగా ఉన్న కాలంలో పుట్టడం ఎలాంటిదో తెలియాలంటే హితోషి సైతో జీవితం చదవాలి. కొడుకు పారిస్‌లో రినేర్ చేతిలో ఒకే ఫైనల్లో రెండుసార్లు ఓడాడు. రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన తండ్రీ, అతని కొడుకూ చెరొక శిఖరం ముందు నిలబడ్డారు. మేటి ఆటగాళ్ల చరిత్రలో వాళ్ల చేతిలో ఓడినవాళ్ల పేర్లు కూడా రాసి ఉండాలని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఎత్తు ఎంతో తెలిసేది వాళ్ల వల్లే.

అందరికీ తెలిసి ఉండటం ఎంత భారమో జూడో 48 కిలోల వీరురాలు రియోకో తమురా కథలో స్పష్టంగా కనిపిస్తుంది. పెళ్లి తర్వాత ఆమె పేరు రియోకో తాని. 1996 అట్లాంటా ఫైనల్‌కు 84 వరుస విజయాలతో వచ్చింది. ఎదుట 16 ఏళ్ల ఉత్తర కొరియా అమ్మాయి కే సున్-హుయి. తమురా గురించి ఆమెకు అన్నీ తెలుసు, ఆమె గురించి బయటి ప్రపంచానికి దాదాపు ఏమీ తెలియదు. తమురా ఓడింది. నాలుగేళ్ల తర్వాత సిడ్నీ ఫైనల్‌ను 36 సెకన్లలో ముగించింది, ఏథెన్స్‌లోనూ గెలిచింది. మొత్తం ఏడు ప్రపంచ టైటిళ్లు.

సవోరి యోషిద ఆయుధం టాకిల్. ఒక్క ఉదుటున లోపలికి దూకి ఎదుటివారి కాళ్లు అందుకోవడం. చిన్నప్పుడు ఇంట్లోనే తండ్రి నేర్పిన విద్య అది. మూడు ఒలింపిక్ స్వర్ణాలు, పదమూడు ప్రపంచ టైటిళ్లు ఆ ఒక్క దూకుడు చుట్టూ కట్టినవి. 2008 జనవరిలో చైనాలోని తైయువాన్‌లో అమెరికన్ మార్సీ వాన్ డుసెన్ ఆ దూకుడునే తిప్పికొట్టి గెలిచింది. యోషిద కన్నీళ్లు పెట్టుకుంది. కానీ ఏడు నెలలు తిరగకముందే బీజింగ్‌లో స్వర్ణం గెలిచింది. దూకడం మానలేదు, దూకే అదను మార్చుకుంది. 2016 రియో ఫైనల్లో హెలెన్ మరూలిస్ ఎదురైంది. ఈ మరూలిస్‌ను యోషిద 2011లోనూ 2012లోనూ ప్రపంచ పోటీల్లో వెల్లకిలా అదిమి ఓడించింది. రెండుసార్లు అలా ఓడిన అమ్మాయి నాలుగేళ్లు ఆ దూకుడు గురించే ఆలోచించింది. బరువు తగ్గించుకుని యోషిద విభాగంలోకి వచ్చింది, దూరం కొలుచుకుంటూ ఆడింది, 4-1తో గెలిచింది. ఆ ఒలింపిక్స్‌లో జపాన్ బృందానికి కెప్టెన్ యోషిదే. స్వర్ణం తేలేకపోయానని ఏడుస్తూ దేశానికి క్షమాపణ చెప్పింది. అంతటి మనిషి క్షమాపణ చెప్పాల్సిన పనేముందని ఆ దృశ్యం చూసిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది.

దానికి ముందు రోజే, అదే మ్యాట్ మీద, కవోరి ఇచో నాలుగో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. ఏ క్రీడలోనైనా వ్యక్తిగత విభాగంలో నాలుగు వరుస ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన మొదటి మహిళ ఆమె. మొత్తం మీద ఒక్కరి పేరు చెప్పమంటే నేను ఇచో పేరే చెబుతాను. ఎందుకో చెబుతాను. తొలి రోజుల్లో ఆమెది కాచుకుని తిప్పికొట్టే ఆట. తక్కువ తేడాతో గెలిచేది, కానీ గెలిచేది. ఏథెన్స్, బీజింగ్ స్వర్ణాలు అలాగే వచ్చాయి. ఇంకెవరైనా అయితే దాన్నే పట్టుకుని వేలాడేవారు. ఆమె గెలుస్తున్న ఆటనే పక్కన పెట్టి కొత్త ఆట నేర్చుకుంది. బీజింగ్ తర్వాత టోక్యో వెళ్లి పురుషుల జట్టుతో కలిసి సాధన మొదలుపెట్టింది. పురుషుల కుస్తీలో చేతుల పోరు ఎలా ఉంటుందో, కాలు అందాక ఎలా ముగించాలో అక్కడ నేర్చుకుని దాడి చేసే మల్లయోధురాలిగా మారింది. ఓడాక మారడం అందరూ చేసేదే. ఒక్క ఓటమీ లేకుండా మారడం చాలా అరుదు. అప్పటి దాకా ఆమెను చదివినవాళ్లంతా మళ్లీ మొదటి పేజీకి రావాల్సి వచ్చింది.

2016 జనవరిలో రష్యాలోని క్రస్నొయార్స్క్‌లో మంగోలియా అమ్మాయి ఒర్ఖోన్ పురెవ్‌దోర్జ్ ఇచోను 10-0తో ఓడించింది. 13 ఏళ్ల తర్వాత వచ్చిన ఓటమి, అదీ ఏకపక్షంగా. అప్పటికి వయసు 31, బరువు విభాగాలు మారడంతో 63 కిలోల నుంచి 58కి దిగింది. ఏడు నెలల్లో రియో. అక్కడి ఫైనల్లో రష్యాకు చెందిన వలేరియా కొబ్లోవా చివరి సెకన్ల దాకా 2-1తో ముందుంది. ఆఖరి నిమిషంలో కొబ్లోవా కాలు అందుకోబోయింది. ఇచో పట్టు విడిపించుకుని వెనక్కి తిరిగి పైకి వచ్చింది. 3-2. కాచుకుని తిప్పికొట్టే ఆ తొలినాటి విద్య పన్నెండేళ్ల తర్వాత అక్కరకొచ్చింది.

ఆ కొబ్లోవా మన సాక్షి మలిక్‌ను క్వార్టర్ ఫైనల్లో ఓడించిన అమ్మాయే. కుస్తీ నియమం ప్రకారం ఫైనల్ చేరినవారి చేతిలో ఓడినవాళ్లకు కాంస్యం కోసం మరో అవకాశం వస్తుంది. కొబ్లోవా ఫైనల్ చేరింది కాబట్టే సాక్షికి ఆ తలుపు తెరుచుకుంది. అదే రాత్రి కిర్గిజ్‌స్తాన్‌కు చెందిన ఐసులూ తినిబెకోవాను 8-5తో ఓడించి కాంస్యం తెచ్చింది.

క్యూబాకు చెందిన మిహాయిన్ లోపెజ్ సంగతి చెప్పకుండా ఈ విషయం ముగియదు. కరేలిన్ ఆడిన గ్రీకో-రోమన్‌లోనే, అదే అత్యధిక బరువులో, 2008 నుంచి 2024 దాకా అయిదు వరుస ఒలింపిక్ స్వర్ణాలు. ఒకే వ్యక్తిగత పోటీలో వరుసగా అయిదు గెలిచినవారు ఒలింపిక్ చరిత్రలో మరొకరు లేరు. 2004 ఏథెన్స్‌లో రష్యాకు చెందిన ఖసాన్ బరోయెవ్ చేతిలో ఓడాడు. 2008 ఫైనల్లో ఆ బరోయెవ్‌నే ఓడించి మొదలుపెట్టాడు. టోక్యోలో ఒక్క పాయింటు కూడా ఎవరికీ ఇవ్వలేదు. ఆ తర్వాత మూడేళ్లు పోటీలకు దూరంగా ఉండి, 41 ఏళ్ల వయసులో నేరుగా పారిస్ వచ్చి గెలిచాడు. ఫైనల్లో ఓడినవాడు యస్మానీ అకోస్తా. క్యూబాలోనే పుట్టి, లోపెజ్ ఉన్నంతకాలం తనకు చోటు రాదని చిలీకి వెళ్లి ఆ దేశం తరఫున ఆడినవాడు. లోపెజ్ ఏం చేస్తాడో అకోస్తాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. స్కోరు 6-0. కరేలిన్ విసురులోని అందం లోపెజ్‌లో లేదు, అతనిది కదలనివ్వని బరువు, తొందరలేని నిబ్బరం. పతకాల లెక్కలో లోపెజ్ ముందు, ప్రపంచ టైటిళ్ల లెక్కలో కరేలిన్ ముందు. ఎదుటివాళ్ల మనసులో పుట్టించిన భయాన్ని లెక్కేస్తే కరేలిన్‌కు దగ్గరగా కూడా ఎవరూ రారు.

లోపెజ్ అయిదో స్వర్ణం గెలిచిన ఆ 2024 ఆగస్టు 6ననే, అదే షాంప్ ద మార్స్ ఎరీనాలో, మహిళల 50 కిలోల తొలి రౌండ్లో వినేశ్ ఫొగాట్ జపాన్‌కు చెందిన యుయి సుసాకితో తలపడింది. మర్నాడు వంద గ్రాముల బరువు ఎక్కువై వినేశ్‌ను అనర్హురాలిగా ప్రకటించడం, అప్పీలు, దేశమంతా చర్చ... ఆ గొడవలో ఆ బౌట్ మరుగున పడిపోయింది. సుసాకి అప్పటిదాకా జపాన్ బయట పుట్టిన ఏ అమ్మాయి చేతిలోనూ ఓడలేదు. 82 అంతర్జాతీయ బౌట్లు, 82 గెలుపులు. టోక్యో స్వర్ణాన్ని ఒక్క పాయింటూ ఇవ్వకుండా గెలుచుకుంది.

వినేశ్ ఆ రోజు ఆడిన ఆట గార్డ్‌నర్ ఆటకు చెల్లెలు. సుసాకికి కాలు అందనివ్వలేదు. దాడి చేయకుండా కాచుకుంటే నియమం ప్రకారం 30 సెకన్ల గడువు పెడతారు, అందులో ఏమీ చేయకపోతే ఎదుటివారికి పాయింటు పోతుంది. వినేశ్ అలా రెండుసార్లు పాయింటు వదులుకుంది. 0-2. సుసాకి తన దాడితో సంపాదించిన పాయింటు ఒక్కటీ లేదు. చివరి కొన్ని సెకన్లలో వినేశ్ ఒక్కసారిగా మీదికి వచ్చి కిందికి తెచ్చింది, రెండు పాయింట్లు. 2-2 అయినా ఒకే కదలికలో రెండు పాయింట్లు తెచ్చినవారిదే పైచేయి. జపాన్ శిబిరం సవాలు చేసింది, వీడియో చూసి కొట్టేశారు, దానికి మరో పాయింటు. 3-2.

తర్వాత క్వార్టర్ ఫైనల్లో వినేశ్ ఉక్రెయిన్ అమ్మాయి ఒక్సానా లివాచ్‌ను 7-5తో, చెమటోడ్చి గెలిచింది. మరుసటి రోజు సుసాకి కాంస్యం కోసం దిగితే ఎదురైంది అదే లివాచ్. సుసాకి 10-0తో గెలిచింది. ముందు రోజు వినేశ్ అడ్డుకున్నది ఎంతటి మనిషినో ఆ స్కోరు చూస్తే తెలుస్తుంది.